చెత్తబుట్టల్లో కేకు పెట్టెలు

బన్నుబాబాయికి జీవితంలో అన్యాయం చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, నిలువునా ముంచినవాడు మాత్రం ఒక్కడే. వాడు మొలకలు. మొలకలంటే గింజలు కాదు, మనిషి. కట్టుకున్న భార్యకు స్వయానా తమ్ముడు. పొద్దున్నే గిన్నెడు మొలకెత్తిన గింజలు ముందేసుకుని, నెమరు వేస్తున్నట్టు గంటసేపు నములుతాడు కాబట్టి బావ మనసులో ఆ పేరు పెట్టుకున్నాడు. పైకి మాత్రం 'బాబూ' అనే పిలిచేవాడు. పైకి ఇంకోలా పిలిస్తే ఆ పూట అన్నం ఉండదు.

బన్నుబాబాయిది బేకరీ. ఏడో తరగతిలో బడి మానేసి పిండి పిసకడం మొదలుపెట్టినవాడు, పిసికి పిసికి సొంత కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు వెనకాల ఇల్లు. కొట్టు పక్కన ఒక గది. ఆ గది గురించి కొంచెం చెప్పాలి. ఇల్లు మామగారిది, కొట్టు స్థలం మామగారిది, ఓవెన్ కొన్న డబ్బు కూడా మామగారిదేనని పండక్కీ పబ్బానికీ కాకుండా రోజూ గుర్తుచేసేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. ఆ పక్క గది మాత్రం ఆయన సొంత కష్టంతో, సొంత ఇటుకలతో కట్టుకున్నది. అందులో మైదా బస్తాలు, డాల్డా డబ్బాలు, ఖాళీ కేకు పెట్టెలు ఉంటాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మైదా బస్తాల మీద నడుం వాల్చాడంటే, ఆ బస్తా ఆయన వీపును చూసి కుట్టినట్టు సర్దుకుంటుంది. ఆ గంటసేపు కరెంటు బిల్లు గురించి ఎవరూ అడగరు. 'మా నాన్న ఉండుంటేనా' అని ఎవరూ అనరు. ప్రపంచంలో ఆయనకు మిగిలింది అదొక్కటే.

సోమవారం పొద్దున టిఫిను దగ్గర ఆ గదికే ఎసరు వచ్చింది.

"అక్కా, మా కంపెనీ నాకు కొత్త పని అప్పజెప్పింది. ఆరోగ్య ఆహారాల దుకాణం పెట్టడానికి మంచి ఊరు వెతకాలి. తవుడు బిస్కట్లు, గుమ్మడి గింజలు, అవిసె గింజల పొడి, చక్కెర లేని జామ్, ఇలాంటివన్నీ అమ్ముతాం," అన్నాడు మొలకలు నములుతూ.

"తవుడు గేదెలకు కదరా పెడతారు?" అన్నాడు బావ.

"అందుకే ఏ గేదెకీ షుగరు రాలేదు బావా."

అక్క పకపకా నవ్వింది. తమ్ముడు ఏమన్నా నవ్వుతుంది. మొగుడు జోకు వేస్తే మాత్రం, 'పళ్ళెం తీయండి' అంటుంది.

"సరే, పెట్టుకో. ఊళ్ళో ఖాళీ దుకాణాలు బోలెడు," అన్నాడు బావ పెద్దమనసుతో.

"ముందు ఈ ఊరు పనికొస్తుందో రాదో తేల్చాలి బావా. దానికో పద్ధతుంది. మూడు రకాలుగా పరీక్ష చేస్తాను. పనికొస్తుందని తేలితే, మీ పక్క గది ఎలాగూ ఉంది కదా."

"ఏ పక్క గది?"

"అదే బావా, మీరు గురక పెట్టే గది."

"అది గోడౌను!"

"గోడౌనులో దిండెందుకండీ?" అంది భార్య.

బన్నుబాబాయి పళ్ళెంలోకి చూశాడు. ఆయన తలెత్తేలోపే భార్య తీర్పు చెప్పేసింది. "చూడండి, నేను ఎవరి పక్షమూ కాదు. ఊరు పనికొస్తుందని తేలితే గది తమ్ముడికి. పనికిరాదని తేలితే ఇక జన్మలో ఆ గది మాటెత్తను. సరేనా?"

ఎవరి పక్షమూ కానివాళ్ళు పెట్టే షరతులు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. బన్నుబాబాయి సరే అన్నాడు. కాదంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి అన్నాడు.

మొదటి పరీక్ష మైదానంలో. మంగళవారం తెల్లారగానే మొలకలు బావను కూడా వెంటేసుకుని మైదానం గేటు దగ్గర నిలబడ్డాడు. ఊళ్ళో ఎంతమంది నడుస్తారో చూడాలట. బన్నుబాబాయి ఈ వేళప్పుడు ఎన్నడూ ఓవెన్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండలేదు. అందుకని తన ఊరి జనం పొద్దున పూట ఇలా తయారయ్యారని ఆయనకు ఆరోజే తెలిసింది. మైదానం చుట్టూ మనుషులు గానుగెద్దుల్లా తిరుగుతున్నారు. ముందు బ్యాంకు మేనేజరు ఈల వేస్తూ నడుస్తున్నాడు. బ్యాంకులో రిటైరయ్యాడు గానీ ఈల వేయడంలో కాలేదు. ఆయన వెనక సగం వీధి.

"ఏమయ్యా బన్నుబాబాయ్! దారి తప్పి వచ్చావా?" అని ఆగాడు మేనేజరు. "నన్ను చూడు. ఆర్నెల్లుగా తీపి ముట్టలేదు. మొన్న డాక్టరమ్మ పరీక్ష చేసి చక్కెర అదుపులో ఉందంది. మా ఆవిడ నన్ను మెచ్చుకుందయ్యా! ముప్పైయేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి."

"ఎవరికి సార్?" అన్నాడు మొలకలు.

"నాకే!" అని ఈల వేసుకుంటూ సాగిపోయాడు.

మొలకలు గుటకలు మింగుతూ ఆ గుంపును చూశాడు. "అబ్బ, ఎంతమంది నడుస్తున్నారు బావా," అన్నాడు. గొంతు అదోలా ఉంది. ఆ గుటకలు చూసి బన్నుబాబాయి గుండె జారిపోయింది. వంటింటి గడప దగ్గర పిల్లి కూడా పాలగిన్నెను చూసి ఇలాగే గుటకలు మింగుతుంది. ఆరోగ్యం పిచ్చి ఉన్న ఇంతమంది ఉంటే ఆరోగ్యం అమ్మేవాడికి ఇంకేం కావాలి? గదిలో సగం పోయినట్టే అనుకున్నాడు.

రెండో పరీక్ష టైలరు కొట్లో. ఊరి జనం ఒళ్ళు పెంచుతున్నారా తగ్గిస్తున్నారా అన్నది వాళ్ళ ప్యాంట్లు చెబుతాయట.

"నడుం దగ్గర వదులు చేయించుకునేవాళ్ళు ఎక్కువా, బిగించుకునేవాళ్ళు ఎక్కువా?" అని అడిగాడు మొలకలు.

టైలరు కత్తెర పక్కన పెట్టి అనుమానంగా చూశాడు. "ఎవరు సార్ మీరు? టాక్సు వాళ్ళా?"

"మా బామ్మర్దేలేవోయ్. చెప్పు," అన్నాడు బన్నుబాబాయి.

"అయితే చెబుతాను. ఈ ఏడాదంతా బిగింపులే బాబాయ్. ఇదిగో, ఇవన్నీ బిగించడానికి వచ్చిన ప్యాంట్లే. మా ఇంట్లో నా ప్యాంటు కూడా మా ఆవిడ బిగించేసింది. నూనె తగ్గించింది, చక్కెర తగ్గించింది, నాతో మాట్లాడటం ఒక్కటే తగ్గించలేదు."

"నిజంగానా? అన్నీ బిగింపులేనా?" అని మొలకలు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. తల పట్టుకున్నాడు. సంతోషం తట్టుకోలేక కూలబడ్డాడనుకున్నాడు బావ. ఆయన లెక్క ప్రకారం గదిలో ఇక కిటికీ మాత్రమే మిగిలింది.

బుధవారం సాయంత్రం మూడో పరీక్ష సంగతి బయటపడింది. "రేపు పొద్దున చెత్తబండి వచ్చేలోపు మన వీధిలో బుట్టలన్నీ చూస్తాను. మనిషి నోటితో ఎన్నయినా చెబుతాడు బావా, చెత్తబుట్టతో అబద్ధం చెప్పలేడు. జనం ఏం తింటున్నారో అక్కడే తేలిపోతుంది. రేపటితో నా నిర్ణయం కూడా తేలిపోతుంది."

చెత్తబుట్టతో అబద్ధం చెప్పలేడా? ఎందుకు చెప్పలేడు? బన్నుబాబాయి మైదా బస్తా మీద పడుకుని, చుట్టూ పేర్చి ఉన్న ఖాళీ కేకు పెట్టెలను చూశాడు. గులాబీ రంగు పెట్టెలు. మీద తన బేకరీ పేరు, తన బేకరీ గుర్తు. బడి మానేసినప్పటినుంచి ఆయన బుర్ర ఇంత చురుగ్గా పనిచేసింది లేదు. వీధి వీధంతా కేకులు మెక్కుతుందని తేలితే, తవుడు బిస్కట్ల దుకాణం ఇక్కడెవడు పెడతాడు?

తెల్లవారుజామున లేచి పిండి కలపడం ఆయనకు అలవాటే. కాబట్టి గురువారం ముందుగా లేచి గదిలో దూరితే ఎవరికీ అనుమానం రాలేదు. పెట్టెలు ఊరికే పడేస్తే కొత్తవని తెలిసిపోతుంది. అందుకని ఒక్కో పెట్టె తెరిచి, అడుగున క్రీము రాసి, కేకు పొడి చల్లి, మూలల్లో వేలితో గీకినట్టు గుర్తులు పెట్టాడు. నిజం చెప్పాలంటే అంత శ్రద్ధగా ఆయన అసలు కేకులు కూడా చేయడు. పనివాడు చేసే తప్పు అక్కడే ఉంది. మోసం చేస్తున్నా పని మాత్రం సరిగ్గా చేయాలనుకుంటాడు.

ఇంటికి తగ్గ పెట్టె వేయాలి కదా. బ్యాంకు మేనేజరు పెద్దమనిషి. ఆయన బుట్టలో అరకిలో పెట్టె వేస్తే ఆయన పరువేం కావాలి? కిలో పెట్టె వేశాడు. డాక్టరమ్మ ఒంటరి మనిషి, ఆవిడకు కప్పు కేకుల పెట్టె చాలు. టైలరుకు ముగ్గురు పిల్లలు. పిల్లలున్న ఇంట్లో పుట్టినరోజు కేకు సహజంగా ఉంటుందని పుట్టినరోజు పెట్టె తీశాడు. నమ్మకం కుదరడానికి, విరిగిపోయి అమ్ముడుపోని అంకెల కొవ్వొత్తులు రెండు కొంచెం వెలిగించి ఆర్పి అందులో వేశాడు. చీకట్లో ఏ అంకెలో చూసుకోలేదు. ఒకటి రెండంకె, ఇంకోటి ఐదంకె.

ఆ వీధిలో ఒక్క ఇల్లు కూడా వదల్లేదు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు బన్నులు ఓవెన్‌లో పెట్టాడు.

వెలుతురు రాగానే మొలకలు చేతులకు తొడుగులు వేసుకుని, ఒక కర్ర పట్టుకుని బయలుదేరాడు. బావ కొట్టు మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. మొలకలు మొదటి బుట్ట మూత తీశాడు. గులాబీ పెట్టె. బయటకు తీసి మూత మీద పెట్టి, ఇంటి నంబరు కూడా కనబడేలా ఫోటో తీసుకున్నాడు. రెండో బుట్ట. గులాబీ పెట్టె. మూడోది. అక్కడా అదే. వీధి చివరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి వాడి కళ్ళలో నీళ్ళు.

"బావా," అన్నాడు వణుకుతున్న గొంతుతో, "నేను ఊహించలేదు బావా."

"బాధపడకురా బాబూ. ఊరన్నాక రకరకాలుగా ఉంటుంది. ఇదిగో, వేడి టీ తాగు," అని వాడి భుజం తట్టాడు బన్నుబాబాయి. బామ్మర్ది భుజం తట్టడం ఆయనకు అదే మొదలు. లోపలేమో మైదా బస్తా రా రమ్మని పిలుస్తోంది.

అప్పుడు చూశాడు వీధిలోకి. మొలకలు ఏ పెట్టెనూ తిరిగి బుట్టలో వేయలేదు. ప్రతి ఇంటి ముందూ, బుట్ట మూత మీద, పూజకు పెట్టిన బొమ్మలా గులాబీ రంగు పెట్టె నోరు తెరుచుకుని కూర్చుంది.

"ఒరేయ్, అవి మళ్ళీ లోపల వేయలేదేంట్రా?"

"ఆధారాలు కదా బావా, చెత్తలో వేస్తామా?"

చెత్తబండి ఆరోజు ఆలస్యంగా వచ్చింది. ఇళ్ళలో వాళ్ళు దానికంటే ముందే లేచారు.

మొదట వచ్చింది మేనేజరు. మెడలో ఈల ఉంది గానీ ముఖంలో నెత్తురు లేదు. వెనకే మేనేజరుగారి భార్య, చేతిలో కిలో పెట్టె.

"బాబాయిగారూ, మీరు పెద్దవారు. అబద్ధం చెప్పరని అడుగుతున్నాను. ఈయన మీ దగ్గర కేకు కొన్నారా లేదా?"

"ఛ ఛ, లేదమ్మా," అన్నాడు బన్నుబాబాయి. అది నిజం కూడా.

"విన్నావా? విన్నావా?" అని మేనేజరు గంతేశాడు.

"విన్నాను. మరి ఈ పెట్టె ఎలా వచ్చింది? ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను తినలేదు. మీరు కొనలేదు. అంటే కిలో కేకు మీకు ఎవరో ప్రేమగా తెచ్చి పెట్టారన్నమాట. ఎవరండీ ఆవిడ? నడిచేవాళ్ళలో ఉంటుందా?"

మేనేజరు ముఖం ఇంకా ఓవెన్‌లో పెట్టని పిండిముద్దలా తెల్లగా అయిపోయింది. బన్నుబాబాయి మనసు కరిగింది. ఎంతైనా ముప్పైయేళ్ళ కాపురం.

"లేదమ్మా, లేదు! ఆగండి. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయనే కొన్నారు. నేనే చేతికిచ్చాను."

"ఎప్పుడయ్యా కొన్నాను?" అని అరిచాడు మేనేజరు.

"నిన్న సాయంత్రం సార్."

"నిన్న సాయంత్రం నేను పన్ను పీకించుకుంటున్నాను! ఈవిడ నా పక్కనే ఉంది!"

"అయితే మొన్న సాయంత్రం."

"మొన్న సాయంత్రం నడకకని చెప్పి రెండుగంటలు రాలేదు," అంది భార్య గుర్తుచేసుకుంటూ. "ఆర్నెల్లు! ఆర్నెల్లుగా మెచ్చుకుంటున్నాను ఈయన్ని. మా అక్కకు ఫోను చేసి మరీ చెప్పుకున్నాను."

మేనేజరు బన్నుబాబాయి వైపు ఒక చూపు చూశాడు. బ్యాంకులో ఉన్నప్పుడు అప్పు ఎగ్గొట్టినవాళ్ళను కూడా ఆయన అలా చూసి ఉండడు.

అంతలో టైలరు వచ్చాడు. వచ్చాడనడం కంటే తోసుకొచ్చారనాలి. వెనక భార్య, ఆవిడ చెంగు పట్టుకుని ముగ్గురు పిల్లలు, ముగ్గురూ ఒకే రాగంలో ఏడుస్తున్నారు.

"నాన్న మాకు పెట్టకుండా కేకు తినేశాడు!" అంటోంది పెద్ద పిల్ల.

"తిండి సంగతి తర్వాత తేలుద్దాం," అంది టైలరు భార్య. కొవ్వొత్తులు రెండూ కౌంటరు మీద పక్కపక్కన నిలబెట్టింది. "బాబాయ్, ఈయనకు నలభై మూడు. నాకు ముప్పై తొమ్మిది. పిల్లలకు పద్నాలుగు, పదకొండు, ఏడు. పాతికేళ్ళది ఎవరు?"

బన్నుబాబాయి ఆ కొవ్వొత్తుల వైపు చూశాడు. రెండు, ఐదు. ఎంత చక్కగా కాలాయో!

"అది... పాతిక కాదమ్మా. యాభై రెండు కూడా అవ్వచ్చు. తిప్పి పెట్టి చూడు."

టైలరు భార్య తిప్పి పెట్టి చూసింది. "అంటే యాభై రెండేళ్ళ ఆవిడా?"

"బాబాయ్, నీకు దండం పెడతాను, ఇక నోరెత్తకు," అన్నాడు టైలరు.

డాక్టరమ్మ వచ్చేసరికి కొట్టు ముందు వీధిలో సగం జనం ఉన్నారు. మిగతా సగం ఇళ్ళలో తేల్చుకుంటున్నారు. ఆవిడ మెడలో స్టెతస్కోపు, చేతిలో కప్పు కేకుల పెట్టె.

"పొద్దున్నుంచి నా గేటు ముందు పేషెంట్లు వరసగా నిలబడి ఈ పెట్టె చూసి వెళ్తున్నారు. ఒక ముసలాయన లోపలికొచ్చి, 'అమ్మా, నాకు వద్దన్నవి నువ్వు కానిస్తున్నావా' అన్నాడు. ఇరవయ్యేళ్ళ ప్రాక్టీసులో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఇవి నేను కొన్నానా?"

ఇక్కడ కొన్నారంటే ఆవిడ పరువు పోతుంది. కొనలేదంటే జనం నోరు ఆగదు. బన్నుబాబాయి మధ్యే మార్గం పట్టాడు. ఆయన ఎప్పుడు మధ్యే మార్గం పట్టినా మధ్యలోనే పడ్డాడు గానీ, అలవాటు పోలేదు.

"మీరు కొనలేదమ్మా. ఎవరో పేషెంటు అభిమానం కొద్దీ మీ గుమ్మంలో పెట్టి ఉంటాడు."

"అంటే నేను పేషెంట్ల దగ్గర కేకులు లంచం తీసుకుంటానని ఊరంతా చెబుతారా?"

"అబ్బే, లంచం అంటే పెద్ద పెట్టె ఉంటుంది కదమ్మా. ఇది చిన్నదే."

ఆ మాటకు డాక్టరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. కౌంటరు మీద ఉన్న బీపీ మందుల చీటీ చూసింది. అది బన్నుబాబాయిదే, ఆవిడ రాసిందే. తీసి మడిచి తన సంచిలో పెట్టుకుంది.

మగవాళ్ళంతా ఒకవైపు చేరి బన్నుబాబాయిని చూస్తున్నారు. ఆడవాళ్ళంతా ఇంకోవైపు చేరి మగవాళ్ళను చూస్తున్నారు. మేనేజరుగారి భార్య ముందుకొచ్చింది. ఆవిడ ఉద్యోగం చేయలేదు గానీ, చేసుంటే మేనేజరుగారి పైన ఉండేది.

"జరిగిందేదో జరిగింది. వీళ్ళను నమ్మడం మన తప్పు. నడకకని వెళ్ళి బేకరీకి వస్తున్నారు. ఇక నుంచి ఇంట్లోకి ఏం వస్తుందో, బుట్టలోకి ఏం పోతుందో మనమే చూసుకోవాలి. ఏమంటారు డాక్టరుగారూ?"

"నేను ప్రతి మందుల చీటీ మీదా రాస్తాను," అంది డాక్టరమ్మ, పోయిన పరువు వెంటనే రాబట్టుకోవాలన్న పట్టుదలతో. "ఎర్ర సిరాతో రాస్తాను. మైదా వద్దు, చక్కెర వద్దు. పీచు ఉన్న తిండి, గింజలు, తవుడు. వీధిలో ఒక్క ఇంటినీ వదలను."

"తవుడా? ఎక్కడ దొరుకుతుందండీ?" అంది టైలరు భార్య.

అప్పటిదాకా టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మొలకలు గొంతు సవరించుకున్నాడు. భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెట్టాడు. తవుడు బిస్కట్లు, గుమ్మడి గింజలు, అవిసె గింజల పొడి, మచ్చుకని తెచ్చిన పొట్లాలు ఒకటి తర్వాత ఒకటి కౌంటరు మీద, బన్నుబాబాయి క్రీము రోల్సు పక్కనే పెట్టాడు. ఆడవాళ్ళు పొట్లాలే కాదు, సంచి కూడా లాక్కున్నారు.

"ఇంకా ఉన్నాయా బాబూ?"

"దుకాణం తెరిస్తే ఎన్నయినా ఉంటాయండీ."

"మరి తెరవవేం?"

"గది కావాలి కదండీ," అన్నాడు వినయంగా.

వీధి మొత్తం పక్క గది వైపు తిరిగింది. ఆ తర్వాత బన్నుబాబాయి వైపు తిరిగింది.

"అది గోడౌను," అన్నాడు ఆయన. గొంతు ఆయనకే వినబడలేదు.

భార్య ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గది తలుపు తెరిచి, మూల వైపు చూపించింది. నిన్నటిదాకా నడుం ఎత్తున పేర్చి ఉన్న గులాబీ పెట్టెల చోట గోడ కనబడుతోంది.

"పెట్టెలేవండీ?"

"అమ్ముడుపోయాయి."

"ఖాళీ పెట్టెలా?"

"కేకులతోనే!"

"రాత్రికి రాత్రి వీధిలో అందరికీ కేకులు అమ్మారు. మంచిదే. డబ్బులేవి?"

బన్నుబాబాయి బస్తా మీద కూర్చున్నాడు. ఎప్పుడూ సర్దుకునే బస్తా ఆరోజు సర్దుకోలేదు.

"మీ గోళ్ళలో ఇంకా క్రీము ఉంది," అంది భార్య, చాలా మెల్లగా. కోపం ఉన్నప్పుడు ఆవిడ గట్టిగా మాట్లాడుతుంది. ఇలా మెల్లగా మాట్లాడిందంటే గెలిచిందన్నమాట. "ఇప్పుడు రెండు దారులున్నాయి. బయటికెళ్ళి గది తమ్ముడికి సంతోషంగా ఇస్తున్నానని మీరు చెప్పండి. లేదంటే ఈ పెట్టెల సంగతి వాళ్ళకు నేను చెబుతాను. మగవాళ్ళకు ముందు చెప్పనా, ఆడవాళ్ళకు ముందు చెప్పనా?"

బన్నుబాబాయి గుమ్మంలోంచి బయటికి తొంగిచూశాడు. మేనేజరు నోట్లో ఈల పెట్టుకుని ఊదకుండా కొరుకుతున్నాడు. టైలరు చేతిలో కత్తెర ఉంది. ఇంటినుంచి అదెందుకు తెచ్చుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఆయన బయటికొచ్చి, గది సంతోషంగా ఇస్తున్నానన్నాడు. చప్పట్లు కొట్టారు. కొట్టింది ఆడవాళ్ళే.

మధ్యాహ్నానికల్లా మైదా బస్తాలు మెట్ల కిందకు, డాల్డా డబ్బాలు మంచం కిందకు చేరాయి. దిండును భార్య ఉతకడానికి వేసింది. రోజూ బన్నుబాబాయి కునుకు తీసే వేళకు మొలకలు కొలతల టేపు పట్టుకుని గదిలో నిలబడ్డాడు. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటే బావనే పిలిచారు.

"నిజం చెప్పనా బావా," అన్నాడు మొలకలు టేపు లాగుతూ. "నిన్న రాత్రికే నేను ఈ ఊరి మీద ఆశ వదిలేసుకున్నాను."

టేపు కొస బన్నుబాబాయి వేళ్ళలో ఆగిపోయింది. "ఎందుకు?"

"ఇంకేముంది బావా? మైదానంలో చూస్తే జనమంతా నడుస్తున్నారు. టైలరును అడిగితే అన్నీ బిగింపులే. అందరూ ఇంట్లో వండుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతుకుతున్నారు. ఇంత ఆరోగ్యంగా ఉన్న ఊళ్ళో ఆరోగ్యం ఎవరు కొంటారు? జబ్బు చేసిన ఊరు కావాలి మాకు. మైదానంలో ఆ జనాన్ని చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది, మీరు చూడలేదా? ఈ రోజు మధ్యాహ్నం బస్సుకు టిక్కెట్టు కూడా తీసుకున్నాను. బుట్టలు ఊరికే, పద్ధతి ప్రకారం పూర్తి చేద్దామని చూశాను."

బన్నుబాబాయి టేపు కొసతో సహా ముందుకు వంగిపోయాడు.

"ఆ పెట్టెలే కనబడకపోతే ఈపాటికి బస్టాండులో ఉండేవాణ్ణి. నా అదృష్టం బావా. అలా వంగకండి, టేపు గోడకు ఆనించండి. వెడల్పు పది. అటు రండి. పొడవు పదహారు."

"ఎంతయింది?" అని అడిగింది భార్య వంటింట్లోంచి.

బన్నుబాబాయి ఏడో తరగతితో బడి మానేశాడు గానీ గుణకారం అప్పటికే వచ్చు. నూట అరవై చదరపు అడుగులు, ఒక కిటికీ.